కీలెరిగి వెల కట్టాలి: స్లైడ్ ఫోను వాడకం, మదింపు

ఫోను కొనేవారు దుకాణంలో దానిని చేతిలో పట్టుకుని చూసేది పది నిమిషాలు, ఆ తరువాత వాడేది రెండు మూడేళ్లు. ఈ రెండు అనుభవాల మధ్య తేడా స్లైడ్ ఫోను విషయంలో ఉన్నంతగా మరే రకం ఫోనులోనూ ఉండదు. 2005కు, 2010కి మధ్య తిరుపతి గాంధీ రోడ్డులోనైనా చిత్తూరు బజారువీధిలోనైనా సెల్‌ఫోన్ దుకాణపు అద్దాల అరలో స్లైడ్ మోడళ్లకు మంచి చోటే దక్కేది. బొటనవేలితో కొద్దిగా తోయగానే పై పలక టక్కుమని పైకి జారి, కింద దాగి ఉన్న అంకెల వరుసలు బయటపడడంతోనే కొనేవారి మనసు సగం ఒప్పుకునేది; మిగిలిన సగాన్ని కెమెరా, ఎంపీ3 పాటలు, బ్లూటూత్ ఒప్పించేవి. ఆ చప్పుడు ఎన్ని వేల సార్ల దాకా అదే బిగువుతో వస్తుందని అమ్మేవారు చెప్పేవారు కారు, కొనేవారు అడిగేవారు కారు. నిజానికి స్లైడ్ ఫోను సొగసు, సౌకర్యం, మన్నిక, రిపేరు ఖర్చు, చివరికి సెకండ్ హ్యాండ్ ధర కూడా ఆ ఒక్క జారే కీలు మీదనే ఆధారపడి ఉంటాయి కాబట్టి, దానికి విలువ కట్టదలచినవారు సౌకర్యాల పట్టికను కాసేపు పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఈ ఆకారం ఎందుకు పుట్టిందో ముందు చూడాలి. బటన్ల ఫోనులో తెర, కీప్యాడ్ ఒకే పొడవును పంచుకుంటాయి. తెర పెరిగితే బటన్లు ఇరుకవుతాయి, బటన్లు పెరిగితే తెర కుంచించుకుపోతుంది. మడత ఫోను ఈ చిక్కును తీర్చింది గాని, మూసినప్పుడు తెరను లోపల దాచేసింది. ఎవరు పిలుస్తున్నారో, టైము ఎంతయిందో తెలియడానికి మడత ఫోన్ల పైరేకు మీద రెండో చిన్న తెరను పెట్టవలసి వచ్చింది. స్లైడ్ ఫోను తెరను ఎప్పుడూ బయటే ఉంచి కీప్యాడ్‌ను మాత్రమే అగ్గిపెట్టె అరలా లోపలికి తోసింది. అంటే దీని సొగసు తరువాత అద్దిన అలంకారం కాదు. జేబులో పట్టే పొడవులోనే పెద్ద తెరను, పూర్తి కీప్యాడ్‌ను ఇమిడ్చే ప్రయత్నంలో నుంచి వచ్చినది. అందువల్ల, తెరిచినప్పుడు ఈ రెండూ నిజంగా హాయిగా పనిచేస్తున్నాయా అన్నదే ఏ స్లైడ్ మోడల్‌కైనా మొదటి పరీక్ష అవుతుంది.

చరిత్ర పెద్దదేమీ కాదు. 1996లో వచ్చిన నోకియా 8110కు కీప్యాడ్‌ను కప్పే జారుడు మూత ఉండేది. 1999లో సీమెన్స్ సంస్థ తెచ్చిన ఎస్ఎల్10లో ఫోనులోని ఒక సగం మరో సగం మీద జారింది. ఈ రకాన్ని విస్తృతంగా జనంలోకి తెచ్చినవి కొరియా కంపెనీలు. 2004 నాటి శాంసంగ్ డీ500 ఆదరణ పొందిన తరువాత, 2006లో కేవలం 12.9 మిల్లీమీటర్ల మందంతో డీ900 వచ్చింది. అదే ఏడాది సామాన్యుల కోసం ఈ250, ఫ్యాషన్ కోసం ఎల్‌జీ చాకొలెట్ వచ్చాయి. నోకియా 2002లోనే 7650తో ఈ దారి పట్టి, 2005లో 6111ను, ఉక్కు తొడుగు వేసిన ఖరీదైన 8800ను తెచ్చింది. 2007లో అమ్మకానికి వచ్చిన ఎన్95 పైకి జారితే అంకెలు, కిందికి జారితే పాటల బటన్లు కనిపించేవి. 5 మెగాపిక్సెల్ కెమెరా, జీపీఎస్ కూడా అందులో ఉండడంతో అది స్లైడ్ ఫోన్లలోకెల్లా గొప్పదిగా పేరు తెచ్చుకుంది. సోనీ ఎరిక్సన్ వాక్‌మన్ వరుసలోని డబ్ల్యూ580, డబ్ల్యూ595 కాలేజీ వయసువారిని ఉద్దేశించినవి. ఇక్కడ ఒక స్థానిక విచిత్రం చెప్పుకోవాలి. చిత్తూరు జిల్లా పొలిమేర దాటి చెన్నై వైపు వెళితే వచ్చే శ్రీపెరుంబుదూరులో నోకియా కర్మాగారం 2006లో మొదలై 2014 నవంబరులో మూతపడింది. అప్పటి చిత్తూరు జిల్లాలో, నేటి తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో షియోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. ఈ గడ్డ మీద ఫోన్లు తయారయ్యే నాటికి జారే కీలు ఉన్న ఫోన్ల కాలం ముగిసింది.

ఇక కీలు సంగతి. స్లైడ్ ఫోనులో రెండు పలకలు ఉంటాయి. కింది పలకలో బ్యాటరీ, సిమ్, ప్రధానమైన బోర్డు, అంకెల కీప్యాడ్ ఉంటాయి; పై పలకలో తెర, చెవి దగ్గర పలికే స్పీకరు, మెనూ బటన్లు ఉంటాయి. వీటిని కలిపేది ఒకదాని గాడిలో మరొకటి నడిచే రెండు పలుచని లోహపు రేకులు, వాటి మధ్య ఒకటో రెండో స్ప్రింగులు. స్ప్రింగు ఒక కొన పై రేకుకు, రెండో కొన కింది రేకుకు తగిలించి ఉంటుంది. ఫోను మూసి ఉన్నంతసేపు అది పై పలకను మూసిన వైపే నొక్కిపెడుతుంది. బొటనవేలు సగం దూరం వరకే ఆ బలానికి ఎదురు పనిచేయాలి. నడిమి బిందువు దాటిన క్షణాన స్ప్రింగు తోసే దిశ తిరగబడి, మిగిలిన దూరాన్ని అదే పూర్తి చేస్తుంది. రెండు చివరలా విడిగా తాళం వంటిది అవసరం లేకుండానే పలక బిగిసి నిలవడం ఈ ఏర్పాటులోని గడుసుతనం. మంచి కీలును గుర్తుపట్టడం కూడా ఇక్కడి నుంచే సాధ్యం. పలకను సరిగ్గా మధ్యలో ఆపి వేలు తీస్తే అది ఏదో ఒక వైపు చురుకుగా వెళ్లిపోవాలి. మధ్యలోనే బద్ధకంగా ఆగిపోతే స్ప్రింగు అలిసిపోయిందని అర్థం. మూసిన ఫోనును తలకిందులు చేసి విదిలిస్తే తెరుచుకోకూడదు. తెరిచి రెండు పలకలను చెరో చేత పట్టుకుని పక్కకు కదిపితే వెంట్రుకవాసి మించి ఊగకూడదు.

స్ప్రింగు కన్నా ముందు చచ్చేది మరొకటి ఉంది. కింది బోర్డు నుంచి పై తెరకు బొమ్మను, స్పీకరుకు మాటను మోసుకుపోయే పలుచని పట్టీని రిపేరు షాపులలో స్ట్రిప్ అనో ఫ్లెక్స్ అనో అంటారు. పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ పొర మీద సన్నని రాగి గీతలు పరిచి చేసిన ఈ పట్టీ రెండు పలకల మధ్య గుర్రపు నాడా ఆకారంలో ఒంపు తిరిగి ఉంటుంది. ఫోను తెరిచిన ప్రతిసారీ ఆ ఒంపు పట్టీ పొడవునా కొంత దూరం జరిగి, మూసినప్పుడు వెనక్కి వస్తుంది. రోజుకు 50 సార్లు తెరిచే మనిషి చేతిలో ఏడాదికి 18,250 సార్లు, మూడేళ్లలో దాదాపు 55 వేల సార్లు ఆ రాగి వంగి నిటారవుతుంది. ఊసుపోక టకటకలాడించేవారి లెక్క దీనికి ఎన్నో రెట్లు. స్లైడ్ ఫోను చేతిలో ఉన్నవారిలో ఆ అలవాటు లేనివారు అరుదు. చివరకు ఒక గీతలో కంటికి కనిపించని బీట పడుతుంది.

ఆ బీట లక్షణాలు తెలిసినవారికి ఫోను పరిస్థితి ఒక్క నిమిషంలో బోధపడుతుంది. మూసినప్పుడు బాగానే ఉన్న తెర తెరవగానే తెల్లబోవడం, లేదా గీతలు పడడం. అవతలివారి మాట చెవికి వినిపించక, స్పీకర్ ఫోనులో మాత్రం వినిపించడం. మెనూ బటన్లలో ఒకటి రెండు పలకకపోవడం, ఇవన్నీ తెర చెడిపోయిన సూచనలుగా పొరబడడం సహజం. తెర మార్చిన తరువాత కూడా అదే లోపం తిరిగి కనిపిస్తే స్ట్రిప్ మీద అనుమానపడాలి. పలక ఏదో ఒక చోట ఉన్నప్పుడు తెగిన గీత కొనలు మళ్లీ తగులుకుంటాయి కాబట్టి, వాడేవారు ఫోనును కొంచెం మూసి, కొంచెం నొక్కి కొన్ని వారాలు నెట్టుకొస్తారు. ఆ వారాలలోనే ఫోన్‌బుక్‌లోని నంబర్లను సిమ్‌లోకి ఎక్కించుకోవడం తెలివైన పని. తెర పూర్తిగా ఆరిపోయాక మెమరీలోని నంబర్లను బయటికి తీయడం కష్టం.

ఈ పట్టీ ఎంత కాలం నిలుస్తుందన్నది ఒంపు ఎంత విశాలంగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఒంపు విశాలంగా ఉంటే రాగి మీద ఒత్తిడి తగ్గుతుంది, కానీ దానికి చోటు కావాలి, చోటు ఇస్తే ఫోను లావవుతుంది. 2006లో 12.9 మిల్లీమీటర్ల డీ900ను, మరుసటి ఏడాది 10.9 మిల్లీమీటర్ల యూ600ను శాంసంగ్ సన్నదనం పేరు చెప్పే అమ్మింది. పలుచని స్లైడ్ ఫోను ప్రకటనలో ఎంత ముచ్చటగా కనిపించినా, ఆ సన్నదనం కోసం తగ్గించినవాటిలో స్ట్రిప్ ఒంపు ఒకటని, బటన్ల ఎత్తు రెండవదని, బ్యాటరీ మూడవదని గ్రహించాలి. ప్రకటనలో మందం అంకె ఎంత తక్కువగా ఉంటే కొనేవారు కీలును అంత అనుమానంగా చూడడం న్యాయమే.

బటన్ల సంగతి రోజువారీ వాడకంలో బయటపడుతుంది. పై పలక అడుగుభాగం రాసుకుంటూ పోవాలి గనుక కీప్యాడ్ బటన్లు ఉబ్బెత్తుగా ఉండడానికి వీలు లేదు. నున్నగా, ఒక్క రేకులా కనిపించే ఆ కీప్యాడ్ మీద 4 ఎక్కడ ముగిసి 5 ఎక్కడ మొదలవుతుందో వేలికి తెలియదు. 5 మీద ఉండే చిన్న గింజ కూడా కొన్ని మోడళ్లలో అరిగిపోతుంది. అన్నిటికన్నా ఇబ్బంది పై వరుసది. 1, 2, 3 బటన్లు జారిన పలక అంచుకు ఆనుకుని ఉంటాయి. కాస్త లావు వేళ్లు ఉన్నవారికి బటను నొక్కే ముందే గోరు అంచుకు తగులుతుంది. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో మెసేజీలుగా కొట్టే ఆ రోజులలో, ఏ, బీ, సీ అక్షరాలు ఉండే 2వ బటను మీద పడిన పని అంతా ఇంతా కాదు, ఎందుకంటే ఇంగ్లీషులో రాసిన తెలుగు మాటలో ‘A’ అనే అక్షరం రాని చోటు దాదాపు లేదు. అందువల్ల వ్యవహారంలో తెలుగువారి వేళ్లు ఎక్కువగా తిరిగేది స్లైడ్ కీప్యాడ్‌లోని అత్యంత ఇరుకైన మూలలోనే. కొనేముందు కీప్యాడ్‌ను పరీక్షించదలచినవారు ఒక ఫోన్ నంబరు కొట్టి చూసి ఊరుకోకుండా, ఇంటివారికి పంపే మామూలు మెసేజీ ఒకటి పూర్తిగా కొట్టి చూడాలి.

ఒంటి చేతి వాడకంలో కూడా మంచీ చెడూ కలిసే ఉన్నాయి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే ఆర్డినరీ బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడిన ప్రయాణికుడికి ఒక చేయే ఖాళీగా ఉంటుంది. ఫోను మోగితే తెర మీద పేరు చూడడం, బొటనవేలితో తోయడం, చెవి దగ్గర పెట్టుకోవడం, అంతా ఒక్క కదలికలో జరిగిపోతుంది. మాట ముగిశాక మూస్తే కాల్ కూడా ముగుస్తుంది. మడత ఫోనును ఒంటి చేత్తో తెరవడానికి గోరు గుచ్చవలసిన అవసరం ఇందులో లేదు. లోపల ఉండే చిన్న అయస్కాంతం, దానిని గమనించే హాల్ సెన్సరు కలిసి పలక తెరిచి ఉందో మూసి ఉందో ఫోనుకు చెబుతాయి. అయితే తెరిచిన ఫోనులో పై పలక బరువు పైకి జరుగుతుంది. పట్టు మాత్రం కింది పలక మీదనే ఉంటుంది కాబట్టి, 120 గ్రాముల ఎన్95 వంటి వాటితో నడుస్తూ మెసేజీ కొట్టేటప్పుడు తల బరువై ముందుకు వాలుతున్నట్టు ఉంటుంది. బస్సు గతుకులో పడితే కిందపడేది తెర ఉన్న వైపే.

మాట్లాడేటప్పుడు దీనికి మరో లాభం ఉంది. ఫోను తెరిచినప్పుడు పొడవు పెరిగి మైకు నోటికి దగ్గరవుతుంది, స్పీకరు చెవి దగ్గరే ఉంటుంది. జారే, మడిచే భాగాలు లేని చిన్న బార్ ఫోన్లలో మైకు చెంప దగ్గరే ఆగిపోవడం వల్ల బస్టాండు వంటి రద్దీ చోట్ల గొంతు పెంచవలసి వస్తుంది. పాటల విషయంలో చెప్పవలసినది తక్కువ: మూసి ఉంచి వినడానికి ముందువైపు బటన్లు సరిపోతాయి, కానీ శాంసంగ్ మోడళ్లలో చాలావాటికి ఛార్జరు, ఇయర్‌ఫోన్ రెండూ ఆ కంపెనీదే అయిన ఒకే రంధ్రంలో పెట్టాలి కాబట్టి, ఇయర్‌ఫోన్ పోతే బజారులో దొరికే మామూలుది పనికిరాదు.

సొగసును విడిగా తూచవలసిన చోటు కూడా ఉంది, ఎందుకంటే ఈ ఫోన్ల ధరలో గణనీయమైన భాగం దానికే. ఎల్‌జీ చాకొలెట్ ముందుభాగం ఆరి ఉన్నప్పుడు నల్లని నున్నని పలక. తాకితే ఎర్రని దీపాల మెనూ వెలుగుతుంది. దాన్ని చూసినవారు ఇది ఫోనేనా అని తిప్పి చూసేవారు. ఆ మెనూ బటన్లు నొక్కితే కాదు, తాకితేనే పనిచేసేవి. చెమటపట్టిన వేలు, చెవి, చెంప ఏది తగిలినా స్పందించే ఆ బటన్ల మీద అప్పట్లోనే ఫిర్యాదులు వచ్చాయి. అద్దంలా మెరిసే ఎల్‌జీ షైన్ ముఖం మీద వేలిముద్రలు నిలువునా కనిపిస్తాయి. ఎండలో దాని తెర చూడాలంటే ముందు తన ముఖమే కనిపిస్తుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, మధ్యాహ్నం రోడ్డు మీద నిలబడి కాల్ చేసినవారి పేరు చదవగలగడం అలంకారం కన్నా ముఖ్యమైన గుణం. లోహపు తొడుగు వేసిన 8800 వంటివి కాలం గడిచినా అందం తగ్గవు. క్రోమ్ రంగు పూసిన ప్లాస్టిక్ మాత్రం ఏడాదిలో అంచుల దగ్గర ఊడి, లోపలి తెలుపో బూడిద రంగో బయటపెడుతుంది. అందం కోసం డబ్బు పెట్టేవారు ఆ అందం పూతలో ఉందా, పదార్థంలో ఉందా అని చూసుకోవాలి. ఈ విషయంలో చాలా చవక స్లైడ్ ఫోన్లు తేలిపోతాయి.

ఈ ప్రాంతపు దుమ్ము కూడా మదింపులో భాగమే. వాన తక్కువగా ఉండే రాయలసీమ పల్లెల ఎర్రమట్టి ధూళి, జేబులోని నూలు, చేతుల చెమట రెండు పలకల మధ్య సందులోకి చేరుతాయి. బార్ ఫోనులో దుమ్ము బటన్ల చుట్టూ ఆగుతుంది. స్లైడ్ ఫోనులో అది కదిలే భాగం మధ్యకు చేరి, తెరిచిన ప్రతిసారీ గరుకు కాగితంలా పనిచేస్తుంది. కింది పలక ముఖం మీద నిలువుగా రెండు సమాంతర గీతలు పడడానికి కారణం ఇదే. సెకండ్ హ్యాండ్ ఫోను ఎంత వాడినదో అమ్మేవారి మాట కన్నా ఆ గీతల లోతు నిజాయితీగా చెబుతుంది. పై ప్యానెల్ కొత్తది వేసి మెరిపించినా లోపలి గీతలను మార్చేవారు తక్కువ. పలక బిగుసుకుందని గాడిలో నూనె చుక్క వేయడం చాలామంది చేసే పని. ఒక రోజు అది మెత్తగా జారుతుంది, తరువాత ఆ నూనె దుమ్మును పట్టుకుని ముద్దగా మారుతుంది, స్ట్రిప్ మీదికి పాకితే తగిలింపుల దగ్గర మురికి పేరుతుంది. పొడి బ్రష్షుతో గాడిని శుభ్రం చేయడం, అవసరమైతే రిపేరు షాపులో విప్పించి ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో) తుడిపించడం మేలు.

తిరుమల ఆలయంలోకి ఫోన్లను అనుమతించరు; దర్శనానికి వెళ్లేవారు ముందే కౌంటరులో అప్పగించాలి. ఇంటిల్లిపాది ఫోన్లు ఒకే సంచిలో పడినప్పుడు నొక్కుడు పడేది స్లైడ్ ఫోను పక్క అంచుల మీద, అంటే సరిగ్గా గాడి రేకుల మీద. నిలువు ఒత్తిడిని ఓర్చుకునే ఆ రేకులు పక్కనుంచి వచ్చే ఒత్తిడికి సులువుగా వంగుతాయి. పూర్తిగా మూసి, వీలైతే గుడ్డ సంచిలో విడిగా పెట్టి ఇవ్వడం మంచిది.

రిపేరు విషయంలో స్లైడ్ ఫోను బార్ ఫోను కన్నా ఎప్పుడూ ఖరీదే. స్ట్రిప్ వెల తక్కువైనా, దాన్ని వేయడానికి రెండు పలకలనూ విప్పి, కీప్యాడ్ స్టిక్కరు కింద దాగిన మరలు తీసి, స్లైడ్ రేకులను ఊడదీయాలి, కూలి దానికే. ఇంకో చిక్కు నకిలీ స్ట్రిప్‌లది. పట్టీ అసలు దానికన్నా ఒక మిల్లీమీటరు పొట్టిదైతే తెరిచినప్పుడు లాగుకుంటుంది, పొడుగైతే మూసినప్పుడు మడతపడి రేకుల మధ్య నలుగుతుంది. రెండింటిలోనూ కొద్ది నెలలలో మళ్లీ అదే షాపు మెట్లు ఎక్కవలసి వస్తుంది. స్ట్రిప్ వేయించుకున్నవారు డబ్బు ఇచ్చే ముందు అక్కడే పాతిక సార్లు తెరిచి మూసి, తెరిచిన స్థితిలో ఒక కాల్ మాట్లాడి చూడడంలో మొహమాటపడనక్కర లేదు.

ముచ్చటపడి పాత స్లైడ్ ఫోనును ఇప్పుడు కొనేవారికి, బీరువాలో ఉన్నదాన్ని బయటికి తీసేవారికి కీలుతో పాటు మరికొన్ని చూసుకోవలసి ఉంది. ఈ ఫోన్లు 2జీవి, కొన్ని 3జీవి. జియో 4జీ, 5జీల మీదనే నడుస్తుంది గనుక ఆ సిమ్ వీటిలో పనికిరాదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ 2జీ సిగ్నల్ ఉన్నచోట మాటలు, మెసేజీలు సాగుతాయి. ఎయిర్‌టెల్ 3జీని ఎత్తివేసింది కాబట్టి ఎన్95 వంటి 3జీ ఫోను కూడా ఆ సిమ్‌తో 2జీకే పరిమితం. వీటిలో పట్టేది 25 మిల్లీమీటర్ల పొడవున్న పాతకాలపు సిమ్, నేటి 12.3 మిల్లీమీటర్ల నానో సిమ్‌ను ప్లాస్టిక్ చట్రంలో పెట్టి దూర్చేటప్పుడు అది వదులుగా ఉంటే లోపలి పిన్నులకు తట్టుకుని వాటిని విరిచేస్తుంది. కొత్త సిమ్ తీసుకునేటప్పుడు చట్రం నుంచి నానో ముక్కను విడదీయకుండా ఇమ్మని అడగడం ఉత్తమం. మెమరీ కార్డు విషయంలో కూడా, ఆ కాలపు ఫోన్లలో చాలావాటికి 2 జీబీని మించిన కార్డును చదవడం రాదు. 32 జీబీ కార్డు పెట్టి ఫోను చెడిపోయిందనుకోవడం పొరపాటు.

*#06# కొడితే తెర మీద వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు బ్యాటరీ కింద ఉన్న స్టిక్కరుతో సరిపోవాలి. పై ప్యానెళ్లు, బోర్డులు అటూ ఇటూ మార్చి కలిపిన ఫోన్లను పట్టుకోవడానికి ఇదే సులువైన దారి. సరైన ఐఎంఈఐ లేని హ్యాండ్‌సెట్ల కాల్స్‌ను దేశంలో 2009 డిసెంబరు నుంచి నిలిపివేశారు. కేవైఎం అనే ఇంగ్లీషు అక్షరాల తరువాత ఖాళీ వదిలి ఆ నంబరును 14422కు మెసేజీ పంపితే దాని వివరాలు తెలుస్తాయి. దొంగ ఫోను అంటగట్టే ప్రమాదం ఉన్న సెకండ్ హ్యాండ్ బేరంలో ఈ మెసేజీ ఖర్చు లెక్కలోనిది కాదు. మన దేశంలో ఫోను తరంగాల నుంచి ఒంట్లోకి చేరే శక్తి పరిమితిని, అంటే ఎస్ఏఆర్‌ను, కిలోకు 1.6 వాట్లకు తగ్గించినది 2012 సెప్టెంబరు 1 నుంచి. అంతకు ముందటి మోడళ్లు 2 వాట్ల పరిమితి కింద తయారైనవి. బ్యాటరీ ఉబ్బిందేమో తెలుసుకోవడానికి దాన్ని బల్ల మీద పెట్టి తిప్పితే చాలు, గిరగిర తిరిగితే వద్దనుకోవాలి. ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉన్న బ్యాటరీ కొత్త కవరులో ఉన్నా కొత్తది కాదు.

టీ కొట్టులో కూడా క్యూఆర్ కోడ్ ఉన్న ఈ రోజులలో స్లైడ్ ఫోనుతో డబ్బు చెల్లించడం సాధ్యమేనా అన్న సందేహం వస్తుంది. స్కాన్ చేయడం కుదరదు గాని, *99# కొట్టడం ద్వారా, 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే ద్వారా బటన్ల ఫోను నుంచి చెల్లింపులు జరపవచ్చు. బ్యాంకు ఓటీపీలు మామూలు మెసేజీలుగానే వస్తాయి. వెనుక నలుగురు నిలబడి ఉన్న కొట్టు ముందు ఆ అంకెల మెనూలలో తిరగడానికి ఓపిక ఉండాలన్నది వేరే సంగతి. రెండో సిమ్‌ను వేసుకుని మాటలకు, ఓటీపీలకు మాత్రమే వాడుకునేవారికి మంచి కీలు ఉన్న స్లైడ్ ఫోను నేటికీ పనికివస్తుంది. ఒకే ఫోనుతో గడిపేవారికి పనికిరాదు.

తెరను తాకి నడిపే ఫోన్లు వచ్చాక కీప్యాడ్‌ను దాచవలసిన అవసరమే పోయింది. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోనుగా వచ్చిన హెచ్‌టీసీ డ్రీమ్‌కు, 2010లో వచ్చిన బ్లాక్‌బెర్రీ టార్చ్‌కు జారే కీప్యాడ్ ఉన్నా, తెర మీది అక్షరాలకు జనం అలవాటు పడగానే ఆ బరువు అదనమైంది. 2018లో ఒప్పో ఫైండ్ ఎక్స్ రూపంలో కీలు తిరిగి వచ్చింది, ఈసారి దాచినది కీప్యాడ్‌ను కాదు, కెమెరాను. చిన్న మోటారు దాన్ని పైకి లేపేది. 3 లక్షల సార్లు పనిచేస్తుందని కంపెనీ చెప్పుకుంది. ముఖం చూపి ఫోను తెరవాలన్నా కెమెరా పైకి రావలసిందే కాబట్టి, రోజుకు 150 సార్లు అనుకుంటే ఆ లెక్క దాదాపు అయిదున్నరేళ్లు. ఆనాటి స్ట్రిప్‌లతో పోలిస్తే ఇది మెరుగే. కాని దాదాపు 60 వేల రూపాయల ఆ ఫోనుకు నీటి నుంచి, దుమ్ము నుంచి రక్షణ ఇచ్చే ఐపీ రేటింగు లేదు. కదిలే సందు ఉన్నంత వరకు దుమ్ము దారి వెతుక్కుంటుందన్నది కంపెనీకీ తెలుసు.

అదే 2018 అక్టోబరులో మన దేశంలో 5,999 రూపాయలకు వచ్చిన నోకియా 8110 4జీని ఈ దృష్టితో చూస్తే ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. ఇందులో తెర, బోర్డు, కీప్యాడ్ అన్నీ ఒకే భాగంలో ఉన్నాయి, జారేది మూత మాత్రమే. తెరకు వెళ్లే స్ట్రిప్ వంగే పని లేదు కాబట్టి స్లైడ్ ఫోన్ల ప్రధాన రోగం దీనికి అంటదు. మూతను జార్చి కాల్ ఎత్తే ముచ్చట మాత్రం తీరుతుంది. 4జీ ఉంది, జియో సిమ్ పనిచేస్తుంది. అయితే తెర, కీప్యాడ్ మళ్లీ ఒకే పొడవును పంచుకుంటున్నాయి గనుక తెర 2.4 అంగుళాల దగ్గరే ఆగిపోయింది. స్లైడ్ ఆకారం ఏ చిక్కును తీర్చడానికి పుట్టిందో ఆ చిక్కు ఇందులో అలాగే ఉంది. ఈ ఫోను నడిచే కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీదనే నడిచే బార్ ఆకారపు జియోఫోన్‌ను 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌కు ఇచ్చారు. అది జియో సిమ్‌కే పరిమితమన్న తేడాను, ధరలో కంపెనీ భరించిన భాగాన్ని లెక్కలో తీసివేసినా, మిగిలిన మొత్తంలో చాలా భాగం ఆ వంపు మూతకూ, నోకియా పేరుకూ పడిన వెలే.